పెద్ద చిప్పు నిద్రపోయిన వేసవి

మా బావమరిది నన్ను "బావగారూ" అని పిలిచినప్పుడల్లా అందులో గౌరవమెంత, వెక్కిరింతెంత అని తూకం వేసుకోవడం నాకు అలవాటు. ఆ వేసవి మొదట్లో తూకం ఎటు మొగ్గేదో చెప్పక్కర్లేదు.

అతను ఊరి నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్ల ఇంజినీరు. నా భార్య అదే ఆఫీసులో కాంట్రాక్టు మీద సర్వే బృందానికి లీడరు. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. ఇరవై రెండేళ్ళు లాప్‌టాప్‌లు బాగుచేశాను. జనం బాగుచేయించుకోవడం మానేసి కొత్తవి కొనుక్కోవడం మరిగాక కొట్టు మూసేశాను. అప్పటికి మూడేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాను. ముందుగదిలో కిటికీ పక్కన నా పనిబల్ల ఉండేది. దాని మీద మా ఆవిడ ఇస్త్రీ చేసిన బట్టలు పెట్టుకునేది. తియ్యమని నేనూ అనలేదు, పెట్టవచ్చా అని తనూ అడగలేదు.

ఊరి నేల కింద ఏ గొట్టం ఎక్కడుందో పటం గీయాలని ఆ ఏడు ఆఫీసువాళ్ళు తలపెట్టారు. ముప్పై రెండు మంది ఆడవాళ్ళు వీధి వీధీ తిరిగి, ఇనపమూతలెత్తి, లోతు కొలిచి, అక్కడికక్కడే లాప్‌టాప్‌లో ఎక్కించాలి. ఆఫీసులో ఆ కొలతలన్నీ కలిపితే నేల కింది గొట్టాలు తెర మీద బొమ్మలా తిరుగుతాయి. లాప్‌టాప్‌లన్నీ విండోస్ బదులు లినక్స్ మీద నడిచేవి. ఎక్కించింది మా బావమరిదే. పొద్దున ఏడింటికి బయల్దేరితే ఒంటిగంట దాకా, ఆరు గంటలు, బ్యాటరీ మీదే నడవాలి. రెండు గంటల్లోనే చచ్చేవి.

సర్వే మొదలైన పదో రోజు, తొమ్మిదిన్నరకే మా ఆవిడ ఇంటికొచ్చి భుజం మీది సంచి కుర్చీలో పడేసింది.

"మళ్ళీ పోయిందా?" అన్నాను.

"నాలుగు వీధులైనా అవలేదు. గొడుగమ్మ మూత ఎత్తి లోతు చెప్తోంది, రాద్దామంటే తెర నల్లబడింది."

గొడుగమ్మ ఆ బృందంలో అందరికంటే పెద్దావిడ. ఎండైనా, మబ్బైనా గొడుగు లేకుండా గడప దాటదు. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉంటే ఉండాలి.

"మీ తమ్ముడేమంటున్నాడు?"

"బ్యాటరీలు నాసిరకం అంటున్నాడు. వీటిని వెనక్కి పంపేసి, పని బయటి కంపెనీకి ఇచ్చేద్దామని ఆఫీసు పెద్ద మేడమ్‌కి రాసిచ్చాడు. వాళ్ళు ఎగిరే మిషన్లతో చేస్తారట."

"భూమిలో గొట్టాలు ఎగిరే మిషన్లతోనా?"

"గొడుగమ్మ కూడా అదే అడిగింది. ఆకాశంలోంచి చూస్తే పైన మా గొడుగులు కనపడతాయి గాని కింద గొట్టాలు కనపడతాయా బాబూ అని. వాడికి మండింది." కుండలోంచి నీళ్ళు ముంచుకుని నిలబడే తాగింది. "వచ్చే శుక్రవారం దాకా ఆగుతానన్నారు మేడమ్. ఈలోగా ఆరు గంటలు నడిచాయా, మేం ఉంటాం. లేదా, ముప్పై రెండు మందీ ఇంటికే."

'ఇంటికే' అన్నప్పుడు నా వైపు చూడకుండా జాగ్రత్తపడింది. ఆ జాగ్రత్తే నాకు ముల్లులా గుచ్చుకుంది.

తను స్నానానికి వెళ్ళగానే సంచిలోంచి లాప్‌టాప్ తీశాను. బల్ల మీది బట్టలు మంచం మీదికి మార్చాను. బ్యాటరీ విప్పి చూశాను. ఉబ్బు లేదు, కొలిస్తే కొత్త సరుకే. నిండా చార్జి పెట్టి, గోడ ప్లగ్గుకీ చార్జరుకీ మధ్య నా పాత వాట్ల మీటరు తగిలించాను. తెర మీద ఏ పనీ లేదు. మిషను ఊరికే కూర్చుంది. అయినా మీటరు ఇరవై రెండు చూపిస్తోంది. ఇలాంటి మిషను ఊరికే ఉన్నప్పుడు తొమ్మిదీ పదీ దాటకూడదు.

అడుగు మూత విప్పాను. అనుకున్నదే. బొమ్మలు చూపించే చిప్పులు ఇందులో రెండున్నాయి. చిన్నది ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది, అక్షరాలకీ అంకెలకీ అది చాలు. పెద్దది బోర్డు మీద విడిగా, తన వేడి లాగే రాగిగొట్టం తనకి, తన ఫ్యాను తనకి అన్నట్టు కూర్చుని ఉంటుంది. గొట్టాల బొమ్మ గిరగిరా తిప్పాలంటే ఆ పెద్దదే కావాలి. వీధిలో కొలతలు రాసుకునేటప్పుడు దానికి పని లేదు, అది పడుకోవాలి. ఇది పడుకోవడం లేదు.

శనివారం సాయంత్రం బావమరిది వచ్చాడు. కొత్తగా కొన్న చెప్పులు గుమ్మం బయట విడవాలా, లోపల విడవాలా అని కాసేపు చూసుకుని లోపలే విడిచాడు. బల్ల మీద విప్పి ఉన్న మిషను కనపడింది.

"బావగారూ, ఇది స్క్రూలు బిగిస్తే తేలే వ్యవహారం కాదండీ."

"బ్యాటరీలు బాగానే ఉన్నాయి. పెద్ద చిప్పు పడుకోవడం లేదు."

"పెద్దదేమో ఏ పనీ లేకుండా కూర్చుని తింటోంది, చిన్నది ఇల్లు నడుపుతోంది అంటారు." అక్క వైపు తిరిగి నవ్వాడు. "మనింట్లో తెలియని కథేం కాదులే."

"ఒరేయ్!" అంది మా ఆవిడ. అంతే అంది. ఇంకో మాట అంటుందేమోనని చూశాను. అనలేదు.

నేను స్క్రూలన్నీ ఏరి డబ్బాలో వేసుకుంటూ, "రేపు పొద్దున మీ వాళ్ళందర్నీ రమ్మను," అన్నాను మా ఆవిడతో. "సోమవారానికి ఆరు గంటలు నడిపించి చూపిస్తాను."

"సోమవారమేనా?" అన్నాడు అతను.

"సోమవారమే."

నోరు జారడమంటే ఇదే. తర్వాత తెలిసింది.

ఆ పెద్ద చిప్పుని నడపడానికి లినక్స్‌లో ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. డ్రైవర్ అంటారు. అది లోపలికి రాకుండా ఆపేస్తే చిప్పుకి దిక్కుండదు, చచ్చినట్టు పడుంటుందని లెక్క వేశాను. మా ఆవిడ మిషనులో అందుకు కావలసిన రెండు లైన్లూ కొట్టి, ఆపి, మళ్ళీ వేశాను. ఏయే చిప్పులు ఎంతెంత పని చేస్తున్నాయో చూపించే చిన్న కిటికీ ఒకటి తెర మీద ఉంటుంది. అందులో ఇప్పుడు ఒక్క చిప్పే ఉంది. పెద్దది కనపడలేదు. కనపడలేదు కాబట్టి లేదనుకున్నాను.

ఆదివారం మా ముందుగది పెళ్ళివారిల్లయింది. ఆరుగురు లోపల, మిగతావాళ్ళు వరండాలో, మెట్ల మీద. ఎవరి లాప్‌టాప్ వాళ్ళ ఒళ్ళో. నేను పెద్దక్షరాలతో కాగితం మీద రాసిచ్చిన లైన్లు చూసి కొడుతున్నారు.

"తమ్ముడూ, ఈ చుక్క ముందు ఖాళీ ఉందా, లేదా?" గొడుగమ్మ అడిగింది.

"లేదమ్మా, అతికించెయ్."

"నువ్వు రాసిందాంట్లో మాత్రం ఊరంత ఖాళీ ఉంది."

"నా చేతిరాత అంతే. బడిలో ఎక్కువ రోజులు కూర్చోలేదు."

"నేనసలు కూర్చోనే లేదు. నా రాత చూస్తే నీకు ధైర్యం వస్తుంది."

అందరూ నవ్వారు. మూడేళ్ళ తర్వాత నా బల్ల చుట్టూ మనుషులు. మా ఆవిడ ఉన్న పదకొండు గ్లాసుల్నే కడిగి కడిగి ముప్పై రెండు మందికీ టీ ఇచ్చింది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఆ చిన్న కిటికీ చూశాను. అన్నింట్లోనూ ఒక్క చిప్పే.

"పెద్దది పోయిందమ్మా. రేపు హాయిగా తిరగండి," అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

సోమవారం ఏడింటికి బయల్దేరారు. ఎనిమిదీ ఇరవైకి మొదటి ఫోను వచ్చింది. ఎనిమిదిన్నరకల్లా ముప్పై రెండూ చచ్చాయి. ఇదివరకు రెండు గంటలన్నా నడిచేవి.

మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. ఈసారి చెప్పులు విప్పలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చల్లార్చమంటే అంటించారేంటి బావగారూ? ఒకావిడ ఒళ్ళో పెట్టుకుంటే చీర మీద ఇస్త్రీ పడిందట."

నేను బల్ల మీది కాగితాలు దొంతరగా పెట్టాను.

"శుక్రవారం రెండింటికి హాల్లో మీటింగు. లాప్‌టాప్‌లు వెనక్కి పంపమనే చెప్తాను. దయచేసి ఈలోగా ఇంక దేన్నీ ముట్టుకోకండి. అక్క కాంట్రాక్టు సంగతి నేనే ఎలాగో మేడమ్‌తో మాట్లాడతాను."

"నా ఒక్కదాని సంగతి మాట్లాడక్కర్లేదు," అంది మా ఆవిడ లోపల్నించి.

అతను వెళ్ళాక తను వంటింట్లోంచి బయటికి రాలేదు. తిడితే బాగుండును. గిన్నెలు ఒకదాని మీద ఒకటి బోర్లిస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి అంది.

"ముప్పై రెండు మందీ నా మొహమే చూశారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అదే నాకు..." అని ఆపేసి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు తీశాను మీటరు. ఆదివారం తియ్యాల్సింది సోమవారం తీశాను. ఇరవై రెండేళ్ళలో మీటరు పెట్టకుండా ఒక్క మిషను మీద మాట చెప్పనివాణ్ణి, బావమరిది మొహం మాడ్చాలన్న తొందరలో కళ్ళతో చూసిందే నిజమనుకున్నాను. మీటరు ముప్పై చూపించింది. మిషను అడుగున చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను.

పెద్ద చిప్పు ఎక్కడికీ పోలేదు. కరెంటు తాగుతూ అక్కడే ఉంది. దాన్ని పడుకోబెట్టాల్సింది డ్రైవరే. రాత్రి దీపాలార్పే మనిషిని పనిలోంచి తీసేసి, ఇంక దీపాలు వెలగవనుకున్నట్టుంది నా తెలివి.

ఇంగ్లీషు నాకు రాదనను, కూడబలుక్కుని చదువుతాను. ఒక్కో వాక్యానికి పది నిమిషాలు పట్టేది. మంగళవారమంతా, బుధవారం మధ్యాహ్నం దాకా ఎవరెవరో ఎక్కడెక్కడో రాసిపెట్టినవన్నీ ముందేసుకుని కూర్చున్నాను. చదువుకున్నవాళ్ళు రాసే తీరు మీద నాకు ఎప్పట్నుంచో ఒక కోపం ఉంది. చెయ్యాల్సింది ఒక్క ముక్కలో ఉంటుంది, దాన్ని మూడు పేజీల అడుగున పెడతారు. ఆ ముక్క దొరికింది. డ్రైవర్ని మళ్ళీ లోపలికి రానివ్వాలి. పని లేనప్పుడు చిప్పుని పడుకోబెట్టుకో అని దానికి అనుమతి ఇవ్వాలి. చిప్పుతో పాటు ఉండే, శబ్దాలు చూసుకునే ముక్కకి కూడా అదే అనుమతి ఇవ్వాలి. అది మేలుకుని ఉంటే ఇదీ పడుకోదు.

అన్నీ చేశాను. ఆపి, మళ్ళీ వేశాను. మీటరు దిగింది. ఇరవై... పదిహేను... తొమ్మిది. కుర్చీలోంచి లేచాను. లేచీ లేవకముందే ఇరవై రెండు. మళ్ళీ దిగింది, తొమ్మిది. మళ్ళీ ఎగిరింది.

గంటన్నర సేపు అదే ఆట. లైన్లు మార్చాను, శబ్దాల ముక్క సరిచూశాను, చిప్పు మీది మట్టి కూడా తుడిచాను. తొమ్మిదికి దిగుతుంది, ఎగురుతుంది. చిప్పులోనే లోపముందేమోనని, అంటే వెనక్కి పంపాలన్న బావమరిది మాటే నెగ్గుతుందేమోనని భయం పట్టుకుంది.

మా ఆవిడ ఉల్లిపాయల బుట్ట, కత్తిపీట తెచ్చుకుని నా బల్ల పక్కనే కింద కూర్చుంది. సోమవారం తర్వాత నా దగ్గరికొచ్చి కూర్చోవడం అదే మొదలు. తరుగుతూ మీటరు వైపే చూస్తోంది.

"తెర మీద ఆ మూలన కిటికీ ఏమిటి?" అంది కాసేపటికి.

"ఏ చిప్పు ఏం చేస్తోందో చూపిస్తుంది. పెద్దది పడుకుందా లేదా అని అందులోనే కదా చూస్తున్నాను."

"అందులో అంకె మారినప్పుడల్లా మీ మీటరు ఎగురుతోంది."

నేను తల తిప్పాను. కిటికీలో అంకె మారింది. మీటరు ఎగిరింది. పది సెకన్లు లెక్కపెట్టాను. అంకె మారింది, ఎగిరింది.

"మరి దానికెలా తెలుస్తుంది, పెద్దది ఏం చేస్తోందో?" అంది.

"దాన్నే అడుగుతుంది."

కత్తిపీట ఆగింది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉల్లిపాయల ఘాటనుకున్నాను. నవ్వుతోంది.

"చిన్నప్పుడు మా తమ్ముణ్ణి నేనే నిద్రపుచ్చేదాన్ని. పడుకున్నాడో లేదో తెలియక 'ఒరే, పడుకున్నావా?' అని అడిగేదాన్ని. వాడు కళ్ళు తెరిచి 'ఆఁ, పడుకున్నానక్కా' అనేవాడు. మళ్ళీ మొదట్నుంచి జోకొట్టాలి."

నేను ఆ కిటికీ మూసేశాను.

ఇద్దరం మీటరు చూస్తూ కూర్చున్నాం. ఇరవై. పద్నాలుగు. తొమ్మిది. పది సెకన్లయింది. నిమిషమైంది. ఫ్యాను చప్పుడు సన్నగిల్లి, సన్నగిల్లి, లేదనిపించింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొడితే కూడా ఉలిక్కిపడ్డాను. తొమ్మిదే.

చిప్పుని కదపకుండా, అది ఏ స్థితిలో ఉందో లినక్స్ ఒక మూల రాసిపెట్టుకుంటుంది. అక్కడ చదివితే దాన్ని లేపినట్టు కాదు. నల్లతెర మీద ఆ ఒక్క మాట తెప్పించి కూడబలుక్కున్నాను. 'సస్పెండెడ్'. ఆఫీసుల్లో ఆ మాట వింటే జనం ఏడుస్తారు. నేను పకపకా నవ్వాను.

"పడుకుందా?" అంది మా ఆవిడ, గొంతు తగ్గించి.

"మాట్లాడొచ్చులే. నీ మాటకి లేవదు."

ఈసారి నోరు జారలేదు. గురువారం తన ఒక్కదాని లాప్‌టాప్ మాత్రమే తీసుకుని బయల్దేరమన్నాను, నేనూ వెంట వెళ్ళాను. గొడుగమ్మ నన్ను కూడా గొడుగు కిందికి రమ్మంది, వద్దంటే ఊరుకోలేదు. ఒకళ్ళు మూత ఎత్తడం, ఒకళ్ళు లోతు కొలిచే కర్ర దింపడం, మా ఆవిడ నిలబడే ఎడమచేతి మీద మిషను ఆనించుకుని రాసుకోవడం. నేనెప్పుడూ తన పని చూడలేదు. మూత ఎత్తకముందే కాలితో నేల తట్టి "ఇక్కడ రెండు గొట్టాలు" అంటుంది, రెండే ఉంటాయి. ఒక ఇంటాయన మా గేటు ముందు తవ్వొద్దని అరుస్తూ వస్తే, నాలుగు మాటల్లో ఆయన చేతే కర్ర పట్టించింది.

"బ్యాటరీ ఎంతుంది?" అని పది గంటలకి అడిగాను.

"అడక్కండి. మీరు అడిగితే అది లేస్తుంది," అంది. గొడుగమ్మకి ఆ నవ్వు ఎందుకో అర్థం కాలేదు.

ఒంటిగంటకి పూర్తిగా పధ్నాలుగు వీధులయ్యాయి. బ్యాటరీ ఇంకా ఇరవై మూడు శాతం. గొడుగమ్మ గొడుగు మూసి నా భుజం మీద ఒక్కటేసింది. "తమ్ముడూ, నీ నోటికన్నా నీ చెయ్యి మంచిది," అంది.

సాయంత్రం మళ్ళీ ముప్పై రెండు మందీ మా ఇంటికొచ్చారు. సోమవారం జరిగింది మర్చిపోయి కాదు, మా ఆవిడ రమ్మందని వచ్చారు. ఒక్కో మిషనుకీ మీటరు పెట్టాను. తొమ్మిది చూసి, ఐదు నిమిషాలు తొమ్మిది మీదే నిలబడితేనే మనిషిని కదలనిచ్చాను. ఒకటి పదకొండు దగ్గర ఆగితే దాన్ని మళ్ళీ మొదట్నుంచీ చేశాను. ఆవిడ విసుక్కుంది. విసుక్కోనిచ్చాను.

శుక్రవారం రెండింటికి హాల్లోకి ముప్పై రెండు లాప్‌టాప్‌లూ వీధుల్లోంచి నేరుగా వచ్చాయి. పొద్దున ఏడింటికి పెట్టినవి. చార్జర్లన్నీ ఒక సంచిలో మూటకట్టి గుమ్మం దగ్గర పడేసింది మా ఆవిడ, ఎవరూ దొంగచాటుగా పెట్టారనకుండా. మూడు వరసల బల్లల మీద ముప్పై రెండు తెరలూ వెలుగుతున్నాయి. తక్కువలో తక్కువ పదకొండు శాతం, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఆరు. నన్ను ప్రొజెక్టరు పక్కన నిలబెట్టారు, తీగలు మోసే మనిషిలా. నాకూ అదే నయమనిపించింది.

పెద్ద మేడమ్ వరసల మధ్య నడుస్తూ ఒక్కో తెర మీదా అంకె చూసుకుంటూ వచ్చింది. సన్నటి మనిషి, తక్కువ మాట. చివరికొచ్చి, "బ్యాటరీలు నాసిరకం అన్నారు కదా?" అంది మా బావమరిదితో.

కానీ అతనూ ఊరికే ఇంజినీరు కాలేదు. రెండు క్షణాలు ఆలోచించి అందుకున్నాడు. "మేడమ్, పెద్ద గ్రాఫిక్స్ చిప్పు ఆపేసి ఉంటారు. అలా చేస్తే బ్యాటరీ వస్తుంది, నిజమే. కానీ ప్రొజెక్టర్ తీగ పెట్టే కంత ఈ మోడల్లో ఆ చిప్పుకే అతికి ఉంటుంది. అది చస్తే ప్రొజెక్టర్ రాదు. గొట్టాల బొమ్మ చూపించలేరు. బొమ్మ లేకపోతే ఈ సర్వేకి అర్థమే లేదు."

చెప్పింది అక్షరాలా నిజం. ఆ కంత ఎక్కడికి వెళ్తుందో బోర్డు మీద భూతద్దం పెట్టి నేనూ చూశాను.

ముప్పై రెండు మందీ మళ్ళీ మా ఆవిడ మొహమే చూశారు. మా ఆవిడ నా మొహం చూసింది.

"పెట్టి చూపించండి," అంది మేడమ్.

తీగ నా చేతిలోనే ఉంది. అందరి కొలతలూ కలిపిన బొమ్మ ఉన్న మా ఆవిడ లాప్‌టాప్‌కి తగిలించాను. గోడ మీద తెర నల్లగానే ఉంది. ఒకటి. రెండు. బావమరిది చేతులు కట్టుకున్నాడు. మూడు. లాప్‌టాప్‌లో ఫ్యాను, నిద్రలో ఎవరో ఒత్తిగిలినట్టు, చిన్నగా ఊపిరి తీసింది. నాలుగు.

గోడ నిండా గొట్టాలు వెలిగాయి. నీలం, ఎరుపు, పసుపు. మా ఆవిడ వేలితో తిప్పింది. వీధులు పైకి లేచాయి, కింద గొట్టాలు అల్లుకుని తిరిగాయి. "అదుగో మా పధ్నాలుగో వీధి!" అని గొడుగమ్మ కుర్చీ ఎక్కినంత పని చేసింది. ఆడవాళ్ళందరూ ఎవరి వీధి వాళ్ళు వెతుక్కుంటూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి మాట్లాడుతున్నారు. మేడమ్ ఎవర్నీ ఆపలేదు. తనే గోడ దగ్గరికెళ్ళి, ఒక చోట రెండు గొట్టాలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుని వెళ్తున్నాయని చూపించి, "ఇది నలభై ఏళ్ళుగా ఎవరికీ తెలియదు," అంది.

తీగ పీకాను. గోడ చీకటైంది. ఫ్యాను సన్నగిల్లింది. నల్లతెర మీద ఆ ఒక్క మాట తెప్పించి, మిషను బావమరిది వైపు తిప్పాను. అతను వంగి చదివాడు. చదవడం అతనికి క్షణం పట్టలేదు, నమ్మడానికే పట్టింది.

"చంపలేదా దాన్ని?" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

"చంపితే ఏం జరుగుతుందో సోమవారం చూశాం కదా."

"మరి ఇప్పుడెలా లేచింది?"

"పనుంటే లేస్తుంది. అయిపోతే పడుకుంటుంది. మధ్యలో మనం వేలు పెట్టకూడదు."

అతను మళ్ళీ వంగి ఆ మాటే చదివాడు. ఏదో అంటాడని నేను లోపల మాటలు నూరి పెట్టుకున్నాను. ఇస్త్రీ చీర దగ్గర్నుంచి ఒక్కొక్కటీ తీద్దామని.

"ఎవరు చేశారిది?" మేడమ్ అడిగింది. "మీ విభాగమేనా?"

అవునంటే అయిపోయేది. మా ఆవిడ కూడా తమ్ముణ్ణి కాదనకపోవును. అతను నిటారుగా నిలబడి, "కాదు మేడమ్. మా బావ చేశాడు," అన్నాడు. బావగారు అనలేదు. మా బావ అన్నాడు. నేను నూరిపెట్టుకున్నవన్నీ గొంతులోనే ఉండిపోయాయి. దానికి అతని మీద నాకు ఇప్పటికీ కాస్త కోపమే.

మేడమ్ నన్ను ఎగాదిగా చూసింది. అంతసేపూ నేను అక్కడున్నట్టు ఆవిడ గమనించలేదు. సర్వే వాళ్ళందరూ సోమవారం నుంచి యథాప్రకారం పనిలోకి రావాలని, వానలు మొదలయ్యేలోగా ఊరంతా పూర్తవ్వాలని చెప్పింది. ఆ తర్వాత మా ఆవిడతో, "మా పై ఆఫీసులో నూట పది లాప్‌టాప్‌లు ఇలాగే మూలపడి ఉన్నాయి. మీ వారిని రేపు పొద్దున నా దగ్గరికి రమ్మనండి," అంది.

నేను సరేననడానికి నోరు తెరిచాను.

"రేపు కుదరదండీ," అంది మా ఆవిడ. "ఆయనకి పనుంది. ఎల్లుండి ఎలాగూ ఆదివారం. సోమవారం తీరికేమో కనుక్కుని చెప్తాను."

రేపు నాకే పనీ లేదు. ఎల్లుండీ లేదు. ఆ సంగతి ఆ హాల్లో ముగ్గురికి తెలుసు. బావమరిది గోడ వైపు తిరిగి దగ్గాడు. మా ఆవిడ రెప్ప వెయ్యకుండా మేడమ్‌నే చూస్తోంది. నేను తీగ చుట్టుకుంటూ, పని ఒత్తిడిలో ఉన్నవాడిలా నుదురు చిట్లించాను.

"అలాగే. వారి వీలు చూసుకునే రమ్మనండి," అంది మేడమ్.

సోమవారం పదింటికి రమ్మన్నారు. ఏడింటికే తయారై కూర్చున్నాను. మా ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని వీధిలోకి వెళ్తూ వెనక్కి తిరిగి, "పదిన్నర ముందు గడప దాటారంటే ఊరుకోను," అంది.

పదకొండింటికి వెళ్ళాను.